అబ్రాహాము వాగ్దానానికి వారసులెవరు?

తిరిగి లేచిన యేసును శిష్యులు చివరిసారిగా అడిగిన ప్రశ్న పరలోకం గురించి కాదు, పాపక్షమాపణ గురించీ కాదు. ఇశ్రాయేలుకు రాజ్యాన్ని మళ్ళీ ఇచ్చేది ఇప్పుడేనా అని అడిగారు. అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలో ఉంది ఈ సంభాషణ. ఆయన అవుననలేదు, కాదనలేదు. కాలాల లెక్క తండ్రి చేతిలో ఉందని చెప్పి, సాక్షులుగా భూదిగంతాల దాకా వెళ్ళమన్నాడు. కాదనలేదు కాబట్టి రాజ్యం ఇశ్రాయేలుకు వచ్చి తీరుతుందని, వాయిదా మాత్రమే పడిందని కొందరు బోధకులంటారు. అసలు ప్రశ్నే పొరపాటుదని, అందుకే ఆయన దాన్ని లోకమంతటి వైపు తిప్పాడని మరికొందరంటారు. ఆ ప్రశ్నలో ఎన్ని మాటలున్నాయో అన్ని తప్పులున్నాయని కాల్విన్ తీర్పు. ఒకే ఒక్క సంభాషణ రెండు వేల ఏళ్ళుగా రెండు శిబిరాలనూ పోషిస్తోంది.

మన తెలుగు సంఘాల్లో ఈ వివాదం ఎక్కువగా తేదీల వేషంలో వస్తుంది. సంఘం ఎత్తబడేది శ్రమకాలానికి ముందా, మధ్యలోనా, తర్వాతా? క్రీస్తు విరోధి ఎక్కడి నుంచి లేస్తాడు? హార్మెగిద్దోను యుద్ధంలో ఏ దేశాలు ఏ పక్షాన ఉంటాయి? ఉజ్జీవ కూటాల్లో జనాన్ని కదలకుండా కూర్చోబెట్టేవి ఈ ప్రశ్నలే. కానీ వీటన్నిటికీ జవాబు ముందే నిర్ణయించేసే ప్రశ్న ఒకటుంది, దాన్ని వేదికల మీద తక్కువగా అడుగుతారు: దేవుడు అబ్రాహాముకు, దావీదుకు చేసిన వాగ్దానాలు ఇప్పుడు ఎవరివి? యూదు జాతివా, సంఘానివా, ఇద్దరివా? దీనికి మీరు చెప్పే జవాబును బట్టే మీ ప్రకటన గ్రంథం తయారవుతుంది.

ముందు దస్తావేజు చూద్దాం. ఆదికాండము 12లో పిలుపు, 15లో నిబంధన, 17లో సున్నతి. వీటిలో వాదమంతా 15వ అధ్యాయం చుట్టూ తిరుగుతుంది. ఆ కాలపు ఒప్పందాల్లో జంతువులను రెండుగా చీల్చి ఆ ఖండాల మధ్య నడవడం ప్రమాణం చేసే పద్ధతి. ఇక్కడ అబ్రాము గాఢనిద్రలో ఉన్నాడు; ఖండాల మధ్య దాటిపోయింది పొగలేచే పొయ్యి, అగ్నిజ్వాల మాత్రమే. అంటే ప్రమాణం చేసింది దేవుడొక్కడే, ఎదుటి పక్షానికి షరతు లేదు, ఐగుప్తు నది నుంచి యూఫ్రటీసు దాకా భూమి అబ్రాహాము సంతానానిదే అని ఒక వాదం. దానికి ఎదురు వాదం ద్వితీయోపదేశకాండము 28 నుంచి వస్తుంది: మాట తప్పితే ఆ భూమి నుంచి పెల్లగింపబడతారని అక్కడ స్పష్టంగా ఉంది, క్రీ.పూ. 586లో బబులోను చెర రూపంలో జరిగిందీ అదే. పైగా లేవీయకాండము 25 ప్రకారం ఆ నేలకు యజమాని దేవుడు, ఇశ్రాయేలీయులు ఆయన దగ్గర కాపురమున్న పరదేశులు. యెహోషువ 21 చివర దేవుడు పితరులకు చెప్పిన మాటల్లో ఒక్కటీ తప్పిపోలేదని, అన్నీ నెరవేరాయని రాసి ఉండటం ఈ వాదానికి ఇంకో బలం. నెరవేరితే మరి తర్వాతి కాలపు ఆమోసు, యిర్మీయా, యెహెజ్కేలు తిరిగి నాటుతాను, ఇక పెరికివేయను అని భవిష్యత్తులో ఎందుకు మాట్లాడారని మొదటి పక్షం అడుగుతుంది. మంచి ప్రశ్నే. రెండు పక్షాలకూ వచనాల కొరత లేదు, అదే అసలు ఇబ్బంది.

ఇక చరిత్రలోకి వెళితే ఒక విషయం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. వెయ్యేండ్ల పరిపాలనను అక్షరాలా నమ్మడం, ఇశ్రాయేలుకు సంఘం నుంచి వేరుగా ఒక భవిష్యత్తు ఉందని నమ్మడం, ఈ రెండూ జంటగానే ఉంటాయని మనం అనుకుంటాం. తొలి శతాబ్దాల వాళ్ళు అలా అనుకోలేదు. రెండో శతాబ్దం మధ్యలో ట్రిఫో అనే యూదుడితో సంవాదం రూపంలో పుస్తకం రాసిన జస్టిన్, క్రీస్తు యెరూషలేములో వెయ్యేళ్ళు ఏలతాడని నమ్మాడు. మంచి క్రైస్తవుల్లోనే అలా నమ్మని వాళ్ళు చాలామంది ఉన్నారని కూడా ఒప్పుకున్నాడు. ఈ ఉదారత మన చార్టుల బోధకుల్లో కాస్త అరుదు. అదే పుస్తకంలో నిజమైన ఇశ్రాయేలు క్రీస్తును నమ్మినవాళ్ళేనని వాదించాడు. ఇరెనియస్ ఇంకా ముందుకు వెళ్ళాడు. అబ్రాహాము తన జీవితకాలంలో అడుగు మోపేంత నేల కూడా స్వాస్థ్యంగా పొందలేదు కాబట్టి పునరుత్థానంలో, ఈ భూమి మీదే, తన సంతానంతో కలిసి పొందుతాడన్నాడు. ఆ సంతానం ఎవరంటే సంఘమే. భూమి అక్షరాలా భూమే, వారసులు మాత్రం విశ్వాసులు. నేటి రెండు శిబిరాల్లో ఏ దాంట్లోనూ ఈ రైతు లాంటి వేదాంతి ఇమడడు.

అగస్టీన్ కూడా మొదట్లో వెయ్యేళ్ళను నమ్మినవాడే. తర్వాత మనసు మార్చుకుని, ‘దేవుని నగరం’ 20వ భాగంలో ప్రకటన 20వ అధ్యాయపు వెయ్యేళ్ళంటే క్రీస్తు మొదటి రాకకూ రెండవ రాకడకూ మధ్య ఉన్న సంఘకాలమేనని తేల్చాడు. పశ్చిమ సంఘం వెయ్యేళ్ళకు పైగా ఆ గొడుగు కిందే నడిచింది. సంస్కరణోద్యమం కూడా దాన్ని పెద్దగా కదిలించలేదు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం, పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యాన్ని చేజిక్కించుకుంటారనే బోధను పేరుపెట్టి ఖండించింది. నాలుగేళ్ళు తిరగకుండానే మ్యూన్‌స్టర్ నగరంలో కొందరు ఆ రాజ్యాన్ని కత్తితో స్థాపించబోయి నెత్తుటి మడుగు చేశాక, లూథరన్లకు ఆ భయం ఇంకా గట్టిపడింది.

ఈ పాత సంప్రదాయానికి ఒక చీకటి కోణం ఉంది, దాన్ని చూడకుండా దాటిపోకూడదు. సంఘమే ఇశ్రాయేలు అనే మాట, యూదులను దేవుడు తోసేశాడు అనే మాటగా జారిపోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అంతియొకయలో 386, 387 సంవత్సరాల్లో క్రిసోస్టమ్ చేసిన ప్రసంగాల్లో యూదుల సమాజమందిరం మీద కక్కిన విషం చదవడానికే కష్టం. లూథర్ 1543లో రాసిన పుస్తకం సమాజమందిరాలు తగలబెట్టమంది. వచనానికి చెప్పిన అర్థం వీధిలో మనుషుల మీదికి వచ్చింది. అందుకే ఇవాళ్టి సంస్కరణ సంప్రదాయ పండితులు తమది ఇశ్రాయేలును తొలగించి సంఘాన్ని కూర్చోబెట్టే బోధ కాదని, ఇశ్రాయేలు క్రీస్తులో నెరవేరి విశాలమైందనే బోధ అని జాగ్రత్తగా తేడా చెప్పుకుంటున్నారు. తేడా నిజమే. యూరప్‌లోని సామాన్య యూదుడికి ఆ తేడా కనిపించిన రోజులు మాత్రం తక్కువ.

ఇంగ్లండు ప్యూరిటన్లలో చాలామంది యూదులు పెద్ద ఎత్తున క్రీస్తు వైపు తిరుగుతారని ఎదురుచూశారు, ప్రార్థించారు. వాళ్ళ వారసుల్లో కొందరు సువార్త ద్వారానే లోకం క్రమంగా బాగుపడి వెయ్యేళ్ళ శాంతి వస్తుందని, క్రీస్తు ఆ తర్వాతే వస్తాడని ఆశపడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధం ఆ ఆశను చాలావరకు పూడ్చిపెట్టింది.

ఇప్పుడు తెలుగు పాఠకుడికి బాగా పరిచయమైన చోటికి వద్దాం. ఐర్లండులో ఆంగ్లికన్ పాదిరిగా ఉండి బయటికొచ్చిన జాన్ నెల్సన్ డార్బీ 1830ల నాటికి ఒక కొత్త పద్ధతి కట్టాడు. దేవునికి రెండు ప్రజలున్నారు: భూసంబంధమైన వాగ్దానాలు గల ఇశ్రాయేలు, పరలోక సంబంధమైన సంఘం. ఇద్దరినీ కలపకూడదు. దానియేలు 9లోని డెబ్బై వారాల్లో అరవై తొమ్మిది క్రీస్తుతో ముగిశాయి, యూదులు ఆయన్ను నిరాకరించడంతో గడియారం ఆగింది. సంఘకాలం ఆ ఆగిన గడియారపు విరామం. సంఘం ఎత్తబడగానే డెబ్బయ్యో వారం, అంటే ఏడేళ్ళ శ్రమకాలం మొదలవుతుంది, దాని చివర క్రీస్తు దిగివచ్చి యెరూషలేము నుంచి వెయ్యేళ్ళు ఏలతాడు. శ్రమకాలానికి ముందే రహస్యంగా ఎత్తబడటం ఈ పద్ధతికి అలంకారం కాదు, అవసరం. ఇద్దరు ప్రజలు ఒకే సమయంలో వేదిక మీద ఉండకూడదు కాబట్టి ఒకరిని తప్పించాలి.

మధ్యలో ఒక చిన్న ముచ్చట. ఆ అరవై తొమ్మిది వారాలను ఏళ్ళలోకి మార్చి, 360 రోజుల సంవత్సరంతో గుణించి, 1,73,880 రోజులు సరిగ్గా యేసు గాడిద మీద యెరూషలేములో ప్రవేశించిన దినానికి వస్తాయని లెక్క తేల్చిన రాబర్ట్ ఆండర్సన్ వృత్తిరీత్యా పోలీసు. జాక్ ద రిప్పర్ హత్యల కాలంలో స్కాట్లాండ్ యార్డ్ నేరపరిశోధన విభాగానికి పెద్ద. ఇప్పటికీ ఎన్నో ప్రసంగాల్లో ఆ పేరు లేకుండా ఆ లెక్క వినిపిస్తుంది. హంతకుణ్ణి మాత్రం పట్టుకోలేకపోయారు.

డార్బీ ఉద్యమానికీ మన నేలకూ సంబంధం ఊహించినదానికంటే దగ్గరిది. డార్బీ కూడా భాగమైన బ్రదరన్ ఉద్యమపు తొలి పెద్దల్లో ఒకరైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో బౌడెన్, బీర్ దంపతులు ఇంగ్లండు నుంచి బయల్దేరి గోదావరి డెల్టాలో నరసాపురం చేరారు. అదే సంవత్సరం గ్రోవ్స్ డార్బీకి రాసిన ఉత్తరం ప్రసిద్ధం: మనుషులను క్రీస్తు జీవంలో కాక సిద్ధాంతపు వెలుగులో కొలవడం మొదలుపెట్టావని అందులో మందలించాడు. తర్వాతి కాలంలో బ్రదరన్లు రెండుగా చీలినా ప్రవచన బోధ రెండు పాయల్లోనూ ప్రవహించింది. నరసాపురం రాకకు ఆరేళ్ళ తర్వాత, 1842లో, హైయర్ గుంటూరులో దిగాడు. ఆగ్స్‌బర్గ్ ప్రమాణం పట్టుకొచ్చిన లూథరన్ ఆయన. అంటే వెయ్యేండ్ల పరిపాలనను అక్షరాలా నమ్మేవాళ్ళూ, దాన్ని తప్పుబట్టిన ప్రమాణపత్రం ఉన్నవాళ్ళూ కోస్తాలో ఇరుగుపొరుగుగానే సంఘాలు కట్టారు. కాలక్రమంలో గెలిచింది నరసాపురం వైపు పద్ధతే. ఇప్పుడు లూథరన్, సి.ఎస్.ఐ. కుటుంబాల్లో పెరిగిన చాలామందికి కూడా తమ సంఘం అధికారిక బోధ ఏమిటో తెలియదు. రేడియోలో, టీవీలో విన్న ఎత్తబడటమే తెలుసు.

ఆ గెలుపుకు కారణం డార్బీ పుస్తకాలు కావు, ఆయన వాక్యం ముళ్ళపొద లాంటిది. 1909లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చేసిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు ఆ పని చేసింది. వచనం పైన, వివరణ కింద, ఒకే పుటలో. కొన్నేళ్ళు చదివితే ఏది వచనమో ఏది స్కోఫీల్డో మనసు మరిచిపోతుంది. 1924లో మొదలైన డల్లాస్ సెమినరీ దాన్ని విద్యగా మలిచింది, పెంతెకొస్తు సంఘాలు దాన్ని పాటగా, కేకగా మార్చుకున్నాయి. 1948 మే 14న ఇశ్రాయేలు దేశం ప్రకటించబడినప్పుడు, 1967లో పాత యెరూషలేము దాని చేతికొచ్చినప్పుడు, ఈ పద్ధతికి ఇక వేరే సాక్ష్యం అవసరం లేదనిపించింది. హాల్ లిండ్సే 1970లో రాసిన పుస్తకం కోట్ల ప్రతులు అమ్ముడైంది. అంజూరపు చెట్టు అంటే ఇశ్రాయేలు, అది 1948లో చిగురించింది, ఒక తరమంటే సుమారు నలభై ఏళ్ళు. కూడిక అందరికీ వచ్చు. 1988 వచ్చింది, వెళ్ళింది. లూకా 21లో ఇదే ఉపమానం చెబుతూ యేసు అంజూరపు చెట్టుతో పాటు మిగతా చెట్లన్నిటినీ కలిపి చూడమన్నాడన్న సంగతి ఆ కూడిక చేసినవాళ్ళెవరికీ అడ్డు రాలేదు.

తేదీలు తప్పాయి కాబట్టి పద్ధతి తప్పని అనడం అన్యాయం. లెక్కలు వేయొద్దని ఆ శిబిరంలోని గంభీరమైన పండితులే మొదటినుంచీ మొత్తుకున్నారు. అది రెండు వందల ఏళ్ళ పసిది కాబట్టి తప్పనడం కూడా చాలదు. పాతదనమే ప్రమాణమైతే క్రిసోస్టమ్‌ను కూడా మోయాలి. దాని అసలు పరీక్ష లోపలే ఉంది, యిర్మీయా 31 దగ్గర. కొత్త నిబంధన ఇశ్రాయేలు ఇంటివారితో, యూదా ఇంటివారితో అని ప్రవక్త పేర్లు చెప్పాడు. ఇద్దరు ప్రజల లెక్క ప్రకారం అది సంఘానికి చెందకూడదు. కానీ ప్రభువు గిన్నె చేతిలోకి తీసుకుని ఇది ఆ నిబంధనేనన్నాడు. ప్రతి ఆదివారం రొట్టె విరిచే కూడికలో అన్యజనులైన మనం ఆ గిన్నెలోదే తాగుతున్నాం. డల్లాస్ స్థాపకుడు ఛేఫర్ ఈ చిక్కు విప్పడానికి కొత్త నిబంధనలు రెండున్నాయన్నాడు, ఒకటి ఇశ్రాయేలుకు, ఒకటి సంఘానికి. ఆయన శిష్యపరంపరే తర్వాత ఆ మాట వదిలేసింది. 1990ల్లో అదే సెమినరీకి చెందిన బ్లేజింగ్, బాక్ లాంటి వాళ్ళు, వాగ్దానాల నెరవేర్పు క్రీస్తులో ఇప్పటికే మొదలైంది, ఇశ్రాయేలు విషయంలో పూర్తి కావలసి ఉందని సవరించారు. డార్బీ గీసిన గీత సగం చెరిగిపోయినట్టే. మన ప్రాంతపు బైబిలు తరగతుల్లో మాత్రం ఇంకా 1909 నాటి పటమే ఎక్కువగా వేలాడుతోంది.

ఎదుటి శిబిరానికి అలాంటి పరీక్ష రోమీయులకు రాసిన పత్రిక 9 నుంచి 11 అధ్యాయాల్లో ఎదురవుతుంది. గలతీయుల పత్రిక 3 వాళ్ళకు కోట: వాగ్దానపు సంతానం క్రీస్తే, క్రీస్తు సంబంధులందరూ అబ్రాహాము వారసులే. దానికి జవాబు చెప్పడం ఎవరికైనా కష్టం. కానీ పౌలు రోమాలో ఉన్న అన్యజన విశ్వాసులతో మాట్లాడేటప్పుడు వేరే దిక్కు నుంచి వస్తాడు. మీరు అడవి ఒలీవ కొమ్మలు, మంచి చెట్టుకు అంటుకట్టబడ్డారు, వేరు మిమ్మల్ని మోస్తోంది గానీ మీరు వేరును కాదు, విరిగిన సహజమైన కొమ్మలను దేవుడు మళ్ళీ అంటుకట్టగలడు. ఆ పైన, ఇశ్రాయేలు అంతా రక్షణ పొందుతుందని. కాల్విన్ అక్కడ ఇశ్రాయేలంటే యూదులూ అన్యజనులూ కలిసిన దేవుని ప్రజ అన్నాడు. అదే సంప్రదాయంలోని ఛార్లెస్ హాడ్జ్, జాన్ ముర్రే ఒప్పుకోలేదు. పదకొండో అధ్యాయమంతా జాతిగా ఇశ్రాయేలు గురించి మాట్లాడి ఆ ఒక్క వాక్యంలో అర్థం మార్చడం కుదరదన్నారు. నాకు వాళ్ళ మాటే నిలబడేలా కనిపిస్తుంది.

ఎందుకంటే ఆ మూడు అధ్యాయాలు పౌలు రాసింది యూదుల మీద సానుభూతితో మాత్రమే కాదు. ఎనిమిదో అధ్యాయం చివర క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని ఏదీ ఎడబాపలేదని ప్రకటించాడు. వెంటనే ఒక సందేహం లేస్తుంది: అబ్రాహాము పిల్లలకు ఇచ్చిన మాట తిరగగలిగితే మనకిచ్చిన మాటకు హామీ ఏమిటి? ఇశ్రాయేలు భవిష్యత్తు ప్రవచన పటంలో ఒక గడి కాదు, దేవుని మాట మీద నమ్మకానికే పూచీ. ఫుల్లర్ సెమినరీలో బోధించిన జార్జ్ ఎల్డన్ లాడ్ పట్టుకున్న దారి ఇదే అనిపిస్తుంది. సంఘం ఆత్మసంబంధమైన ఇశ్రాయేలు అని ఆయన మొహమాటం లేకుండా అన్నాడు, శ్రమకాలానికి ముందు రహస్యంగా ఎత్తబడటాన్ని తోసిపుచ్చాడు, అయినా యూదు జాతి క్రీస్తును అంగీకరించే రోజు ముందుందని నమ్మాడు. రెండు వైపుల నుంచీ తిట్లు తిన్నాడు. కతోలిక సంఘం కూడా వేరే దారిలో ఇలాంటి చోటికే వచ్చింది: 1992 నాటి సత్యోపదేశం ఇహలోకపు వెయ్యేళ్ళ రాజ్యాన్ని కాదంటుంది, మెస్సీయ మహిమలో రావడాన్ని ఇశ్రాయేలు అంతా ఆయన్ను గుర్తించడంతో ముడిపెడుతుంది. దానికి ముందు 1965లో రెండో వాటికన్ మహాసభ, క్రీస్తు మరణ నేరాన్ని యూదు జాతి మీద మోపడాన్ని ఖండించింది. హిట్లర్ మరణశిబిరాల తర్వాత యూరప్ వేదాంతులు కొందరు ఇంకా దూరం వెళ్ళి, యూదులకు వాళ్ళ నిబంధనే చాలు, క్రీస్తు అక్కర్లేదన్నారు. ఆ పశ్చాత్తాపం అర్థమవుతుంది. పౌలు తన సొంత జనం కోసం పడిన వేదనకు మాత్రం అందులో చోటుండదు.

ఇశ్రాయేలు ఎవరన్న ప్రశ్న మన దగ్గర ఊహించని మలుపు కూడా తిరిగింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, ఒకప్పుడు క్రైస్తవ సంఘాల్లో ఉన్న కొన్ని మాదిగ కుటుంబాలు, తాము తప్పిపోయిన ఎఫ్రాయీము గోత్రం వాళ్ళమని చెప్పుకుంటూ సబ్బాతు పాటిస్తున్నాయి, సమాజమందిరం కట్టుకున్నాయి. వాళ్ళ వంశావళి నిజమా కాదా అన్నది పక్కనపెడదాం. విశ్వాసం వల్ల అబ్రాహాము సంతానం అనిపించుకోవడం వాళ్ళకు చాలలేదు. ఊళ్ళోనూ, ఒక్కోసారి సంఘంలోనూ కులం పేరు వెంటాడే చోట అదెందుకు చాలలేదో సంఘమే ఆలోచించుకోవాలి.

చివరికి అందరినీ పట్టి నిలిపేది భూమి. రోమా 4లో పౌలు వాగ్దానాన్ని కనాను హద్దులు దాటించి అబ్రాహామును లోకానికే వారసుణ్ణి చేశాడు. హెబ్రీ పత్రిక 11 ఆయన చూపును పరలోక పట్టణం వైపు తిప్పింది. వీటిని ఆధారం చేసుకుని ఆంథొనీ హుకెమా, ఆ వాగ్దానం కొత్త భూమిలో అక్షరాలా నెరవేరుతుందన్నాడు. ఇరెనియస్ వింటే తల ఊపేవాడు. ఇంకో వైపు, అమెరికాలో విలియం బ్లాక్‌స్టోన్ 1891లోనే 413 మంది ప్రముఖుల సంతకాలతో పాలస్తీనాను యూదులకు ఇప్పించమని అధ్యక్షుడు హారిసన్‌కు విన్నపం ఇచ్చాడు. యూదులకు సొంత దేశం కావాలన్న హెర్జల్ పుస్తకానికి ఐదేళ్ళ ముందు మాట. ఆ వరస 2006లో జాన్ హేగీ స్థాపించిన సంస్థ దాకా సాగింది. అదే 2006లో యెరూషలేములోని లాటిన్ పేట్రియార్క్ మిషెల్ సబ్బా, మరికొందరు స్థానిక సంఘాధిపతులు ఈ క్రైస్తవ సియోనిజాన్ని తప్పు బోధగా తిరస్కరిస్తూ ప్రకటన చేశారు. 2009లో పాలస్తీనా క్రైస్తవులు కైరోస్ పత్రం వెలువరించారు. బేత్లెహేములో, రమల్లాలో పుట్టి పెరిగిన ఈ విశ్వాసుల్ని మన ప్రసంగాల్లో వినడం అరుదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సాయంతో యెరూషలేము యాత్ర చేసొచ్చిన వాళ్ళు కూడా రాళ్ళ గురించి చెప్పినంతగా వాళ్ళ గురించి చెప్పరు.

ప్రవచనాన్ని అక్షరాలా చదవాలని పట్టుబట్టేవాళ్ళు తమకు ఇష్టమైన అధ్యాయాల్లోనే ఆ పట్టుదల చివరిదాకా నిలబెట్టుకోవాలి. యెహెజ్కేలు 40 నుంచి 48 దాకా రాబోయే దేవాలయం, గోత్రాల వారీగా దేశవిభజన కొలతలతో సహా ఉన్నాయి. అవి వెయ్యేండ్ల పాలనలో జరిగి తీరుతాయని వాళ్ళ బోధ. అక్కడ జంతుబలులు మళ్ళీ ఎందుకో హెబ్రీ పత్రికను పక్కన పెట్టుకుని వివరించలేక ఇబ్బంది పడతారు గానీ, కొలతల విషయంలో వెనక్కి తగ్గరు. మంచిదే. ఆ కొలతల మధ్యలోనే, 47వ అధ్యాయం చివర, ఇంకో ఆజ్ఞ ఉంది. మీ మధ్య నివసిస్తూ పిల్లలను కన్న పరదేశులను దేశంలో పుట్టినవాళ్ళలాగే చూడాలి, ఇశ్రాయేలు గోత్రాలతో పాటు వాళ్ళకూ చీట్లు వేసి స్వాస్థ్యం పంచాలి, ఏ గోత్రంలో కాపురముంటే ఆ గోత్రంలోనే వాళ్ళ వాటా ఇవ్వాలి.